పడవలోంచి ఎవరు దిగారు

తన పుస్తకాన్ని తనే అద్దెకు తెచ్చుకుని చదివిన మనిషి బర్మాలోని మా మోన్యువా ఊరు మొత్తానికి ఊ ఛిట్ ఫే ఒక్కడే అయ్యుంటాడు. అదీ ఒక్కసారి కాదు, ఆ వానాకాలంలో ఆరుసార్లు. ఆ పుస్తకం రాసింది ఆయనేనని ఊళ్ళో ఎవరికీ తెలియదు. పుస్తకాలు అద్దెకిచ్చే డా సేన్ యికి (మా వైపు పెద్దవాళ్ళ పేరు ముందు మగవాళ్ళకి ఊ, ఆడవాళ్ళకి డా చేరుస్తాం) అసలే తెలియదు. "అంత నచ్చిందా అన్నా, మళ్ళీ మళ్ళీ పట్టుకెళ్తున్నారు?" అని ఆవిడ అడిగితే, చూపు మందగించింది, ఒక్కసారికి బుర్రకెక్కడం లేదని చెప్పి తప్పించుకునేవాడు.

ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు చిండ్విన్ ఏటి నీటిమట్టం చూసిన గుమాస్తా. రేవులో అంకెలు వేసిన పొడుగాటి స్తంభం ఒకటి ఉండేది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం ఆరింటికి మెట్లు దిగి, నీళ్ళు ఏ అంకె దగ్గరున్నాయో చూసి, కాగితం మీద రాసి, తంతి ఆఫీసులో ఇచ్చి రావాలి. అంతే ఉద్యోగం. ఏరు ఎంత ఉందో చెప్పడమే తన పని, ఏం చేస్తుందో చెప్పడం కాదని ఆయనకు తెలుసు. జనానికి మాత్రం ఆ తేడా పట్టేది కాదు. అవతలి ఒడ్డుకి పెళ్ళికి వెళ్ళేవాళ్ళూ, చేపల బుట్టలతో వచ్చేవాళ్ళూ ఆయన్నే ఆపి ఇవాళ వెళ్ళొచ్చా అని అడిగేవాళ్ళు.

పదకొండేళ్ళ కిందట, వానలు ముదిరే వాగౌంగ్ నెలలో, ఒక పొద్దున ఆయన భార్య డా ఓన్ యిన్ కూడా అదే అడిగింది. అవతలి ఒడ్డున వాళ్ళ చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టే వేడుక. కొత్త లుంగీ కట్టుకుని, చెంపలకు థనకా చెక్క అరగదీసిన గంధం రాసుకుని, రేవు మెట్ల మీద నిలబడి అడిగింది. ఆయన స్తంభం వంక చూసి, "ప్రమాదం గీతకి రెండు జానలు కిందే ఉంది. వెళ్ళిరా" అన్నాడు. ఏటి నడుమ సుడి లేచి పడవ తిరగబడింది. అందులో ఉన్న ఇరవై ముగ్గురిలో ఒక్కరూ ఒడ్డు చేరలేదు.

ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. పైనుంచి వచ్చినవాళ్ళు కాగితాలు తిరగేసి అంకె సరిగ్గానే ఉందని రాసుకుని వెళ్ళిపోయారు. అదే ఆయనకు మింగుడుపడలేదు. ఎవరో ఒకరు గల్లా పట్టుకుని నాలుగు తిట్టి ఉంటే, తనూ నాలుగు మాటలు అని, ఏడ్చి ఊరుకునేవాడేమో. అంకె సరిగ్గా ఉండి, మనిషి లేకుండా పోతే ఎవరితో దెబ్బలాడాలి?

పిల్లల్లేరు. ఆ తర్వాత ఇంట్లో పొయ్యి వెలిగించడం దాదాపు మానేశాడు. ఒక్క మనిషి కోసం అన్నం కుండ ఎక్కించాలంటే ఆయనకు సిగ్గుగా ఉండేది. టీ కొట్లో ఉడికిన శనగలూ, ఒక నాను రొట్టె, కుదరని రోజు ఉత్త టీ. మా వైపు ఎవరు ఎదురుపడ్డా మొదటి మాట "తిన్నారా?" అనే. దానికి "తిన్నాను" అనేదే జవాబు, కడుపు ఖాళీగా ఉన్నా సరే. పదకొండేళ్ళుగా రోజుకి పదిసార్లు ఆయన "తిన్నాను" అంటూనే ఉన్నాడు. అడిగినవాళ్ళు ఆగి చూసేవాళ్ళు కాదు. ఆగి చూడమని అడిగే పలకరింపు కాదది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక, నీటిమట్టం రాసే పాత పుస్తకాల వెనక పేజీల్లో కథలు రాయడం మొదలుపెట్టాడు. మామూలు కథలు కావు. చంద్రుడి మీది జనం వానాకాలం ఎలా ఉంటుందో చూద్దామని దిగివచ్చి మన దగ్గర గొడుగు అరువడిగే కథ ఒకటి. వెయ్యేళ్ళు బతికిన ఒక జోజీ, అంటే పాదరసం వండి గాల్లో తేలే మాంత్రికుడు, సైకిల్ రిపేరు షాపు పెట్టుకునే కథ ఒకటి. పేలకుండా తుప్పు పట్టిన రాకెట్టులో కోళ్ళు గుడ్లు పెట్టే కథ ఇంకొకటి. మొత్తం పదకొండు. మాండలేలో ఒక చిన్న అచ్చాపీసువాడు పుస్తకం వేసి, ఐదు కాపీలు చేతిలో పెట్టాడు. నీళ్ళ గుమాస్తా చంద్రుడి మీద రాశాడంటే ఊళ్ళో నవ్వుతారని మారుపేరు పెట్టుకున్నాడు.

మిగతా పదింటినీ ఆయన ఆరో కథ కోసమే రాశాడు. ఒక్క కథే పట్టుకెళ్తే ఎవరు వేస్తారు? అందులో ఒక నీళ్ళ గుమాస్తా స్తంభం కింద ఒక యంత్రం బిగించి, అన్నం కుండ ఒకటి ఉడికినంతసేపు ఏటిని ఆపుతాడు. ఆపడమే కాదు, వెనక్కి నడిపిస్తాడు. నీళ్ళు ఎగువకు పారుతాయి, మునిగిన పడవ తేలుతుంది, వెనక వెనక్కి రేవుకొస్తుంది. భార్య దిగుతుంది. అతని చెయ్యి పట్టుకుని, తప్పు నీది కాదు, ఏటిది, నువ్వు వద్దన్నా నేను వెళ్ళేదాన్నే అంటుంది. ఆ చివరి ఎనిమిది పేజీలు ఆయన పదిహేడుసార్లు తిరగరాశాడు. ఎవరో ఒక్క మనిషి, తనెవరో తెలియకుండా, ఆ పేజీలు చదివి "ఔను, ఆవిడ అలాగే అంటుంది" అనాలి. ఆయనకు కావలసింది అదొక్కటే. అందుకే ఐదు కాపీల్లో ఒకటి, పోస్టులో వచ్చినట్టుగా చుట్టి, డా సేన్ యి కొట్టుకు చేరేలా చూశాడు.

డా సేన్ యి పుస్తకాల కొట్టు బజారు వెనక సందులో ఒక్క గది. ఆవిడకి ఎవరూ నేర్పని పద్ధతులు కొన్ని ఉన్నాయి. కొత్త పుస్తకం రాగానే ముఖచిత్రం చింపేస్తుంది. బొమ్మలో కత్తి ఉంటే లోపల కత్తి ఉంటుందనుకుని తీసుకెళ్తారు, లేకపోతే వచ్చి తన్నుకుంటారని ఆవిడ భయం. చింపి, దళసరి అట్ట వేసి, గోధుమరంగు కాగితం అంటించి, లోపల ఏముందో తన చేత్తో పైన రాస్తుంది. "ఏడుపు, చివర్లో పెళ్ళి." "దొంగ దొరుకుతాడు." "దయ్యం, నిజం కాదు." వచ్చినవాళ్ళు పుస్తకం పేరు అడగరు, రాసినవాడి పేరూ అడగరు. ఇందులో ఏడవచ్చా, నవ్వచ్చా, నాన్నగారు చూస్తే తిడతారా అని అడుగుతారు. ఎవరికి ఏది పడుతుందో ఆవిడకి వాళ్ళ జ్వరం నాడి తెలిసినంత బాగా తెలుసు. ఊ ఛిట్ ఫే పుస్తకం మీద ఆవిడ "చంద్రుడు, మంత్రాలు, వగైరా" అని రాసింది. ఆరో కథ వగైరాలో పడిపోయినందుకు ఆయనకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

అసలు దెబ్బ లోపల ఉంది. లావు పుస్తకాల్ని డా సేన్ యి రెండుగా కోసి విడివిడిగా కుడుతుంది. ఒకరు ముందు సగం చదువుతుంటే ఇంకొకరు వెనక సగం చదువుకోవచ్చు. నవలైతే కాస్త చూసి, అధ్యాయం ముగిసేచోట కోస్తుంది. కథల పుస్తకమే కదా, ఎక్కడ కోస్తే ఏమని, ఈసారి చూడకుండా కత్తి పెట్టింది. ఊ ఛిట్ ఫే మొదటిసారి ముందు సగం ఇంటికి తెచ్చుకుని ఆరో కథ తిప్పుకుంటూ పోతే, "పడవ ముక్కు రేవు మెట్టును తాకింది. అతను చెయ్యి చాచాడు" అని ఉంది. తర్వాత అట్ట. మర్నాడు వెనక సగం తెచ్చి చూస్తే అది ఏడో కథతో మొదలైంది. నడుమ నాలుగు కాగితాలు, ఎనిమిది పేజీలు, ఎక్కడా లేవు.

వెళ్ళి, మాట తడబడకుండా చూసుకుని, ఆరో కథ చివర ఏదో పోయినట్టుందే అన్నాడు.

"ఆ తోకా? రెండో సగం తోకతో మొదలైతే చూడ్డానికి ఏం బావుంటుందన్నా, చింపేశాను" అంది డా సేన్ యి, గంజి జిగురు కలుపుతూ. అట్టలు గట్టిగా ఉండటానికి పనికిరాని కాగితాలు లోపల పెట్టి అతికిస్తుంది కదా, వాటితోపాటు పెట్టేసిందట. ఏ పుస్తకం అట్టలోనో అడిగితే, ఆ వారం నలభై అట్టలు కట్టాను, ఏం గుర్తుంటుందంది. "ఆగినచోటే బావుంది లెండి. ఈ రకం కథలకు చివర్లు ఉండాలని ఎవరూ అనుకోరు."

ఆయన భార్య ఆయనతో అన్న మాటలు ఏ వంటల పుస్తకం అట్టలోనో గంజి పట్టి ఎండిపోయాయి. అరిచి పోట్లాడాలంటే ముందు ఆ పుస్తకం నాదే అని చెప్పాలి. చెప్పలేక ఇంటికొచ్చాడు.

ఆ తర్వాత జరిగింది ఆయన కలలో కూడా అనుకోలేదు. ముందు సగం చేతులు మారడం మొదలైంది. మొదట తిట్టుకున్నారు. సైడ్‌కార్ రిక్షా తొక్కే కో న్యో, చంద్రుడు అని రాసి ఉంటే యుద్ధం ఉంటుందనుకున్నానని, గొడుగు కోసం బేరాలాడే చంద్రుడి జనాన్ని ఎక్కడా చూడలేదని కొట్టు ముందు నిలబడి గోల చేశాడు. పైగా జోజీ సైకిల్ గొలుసు ఎక్కించే పద్ధతి తప్పట, వెయ్యేళ్ళు బతికి అదా నేర్చుకున్నదని వెక్కిరించాడు. బడిలో లెక్కలు చెప్పే సయామ ఖైంగ్, రాకెట్టు ఉన్నాక అది కనీసం ఒకసారి లేవాలి, కోళ్ళు గుడ్లు పెట్టడానికి గంప చాలదా అంది. ఇదంతా ఊ ఛిట్ ఫే మూలన బల్ల మీద కూర్చుని, ఏదో పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని విన్నాడు. ఒక్కో మాటకి చెవులు కాలిపోయేవి.

అయితే ఆరో కథ దగ్గరికి వచ్చేసరికి ప్రతివాళ్ళూ గొంతు తగ్గించేవాళ్ళు. చెయ్యి చాచాడు. తర్వాత? ముగింపు చెప్పకుండా వదిలేసినందుకు ముందు కోపం వచ్చింది, నాలుగు రోజులయ్యాక అదే గొప్పగా కనిపించింది. డా సేన్ యి తన చింపుడు సంగతి దాచిపెట్టి, రాసినాయన కావాలనే అలా ఆపాడని అందరికీ చెప్పసాగింది. భలే తెలివైనవాడు అన్నారు. పన్నెండు కథల్లో ఒక్కటైనా మనకి వదిలాడు అన్నారు. పదకొండే అని సరిదిద్దబోయి ఊ ఛిట్ ఫే నాలుక కరుచుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరూ ఆయన్ని మెచ్చుకోలేదు. ఇప్పుడు మెచ్చుకుంటున్నది ఆయన రాయని దాన్ని.

ఇక ముగింపులు పుట్టుకొచ్చాయి. ఆవిడ దిగదు, పడవ ఖాళీగా వస్తుందని కో న్యో పట్టు. దిగుతుంది కానీ పెళ్ళినాటి వయసులో ఉంటుంది, వీడు ముసలాడై ఉంటాడు, గుర్తు పట్టదంది సయామ ఖైంగ్. ఆమె లెక్క ప్రకారం నీళ్ళు వెనక్కి పారితే ఏళ్ళూ వెనక్కి పోవాలి. ఇంకెవరో అదంతా టీ కొట్లో కునుకు తీసినప్పటి కల అన్నారు. కథలో ఊరికీ ఏటికీ పేరు లేదు, నీళ్ళ గుమాస్తాలు ప్రతి రేవులోనూ ఉంటారు; ఈ చదివినవాళ్ళు ముచ్చటపడి ఒక్కో రకంగా చంపుతూ, బతికిస్తూ ఉన్నది డా ఓన్ యిన్‌నని ఒక్కరికీ తెలియదు. ఆయన ఇంటికి వెళ్ళి చీకటి పడకముందే పడుకునేవాడు. అంతమంది ఆవిడ గురించి మాట్లాడుతున్నారు, ఆవిడ గురించి మాట్లాడటానికి ఆయనకు మాత్రం ఒక్కరూ లేరు.

చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు. పెట్టెలో కోయని కాపీ ఉంది. తీసుకెళ్ళి అందరి ముందూ విప్పి, ఇదిగో అసలు ముగింపు, రాసింది నేనే, చదవండి అంటాడు. నవ్వితే నవ్వుతారు. పుస్తకం భుజం సంచిలో పెట్టుకుని ఒక మధ్యాహ్నం కొట్టుకి బయల్దేరాడు.

వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. కొట్టు ముందు కో న్యో సైడ్‌కార్ తుడుచుకుంటున్నాడు, సయామ ఖైంగ్ బడి నుంచి వచ్చి బల్ల మీద కూర్చుంది. అరుగు అంచున డా మ్యా తాన్ ఉంది. రేవులో తమలపాకు కిళ్ళీలు కట్టే ఆవిడ. మొగుడు ఆ పడవలోనే పోయాడు. ఆవిడ ప్రేమ నవలలు తప్ప ముట్టుకోదు. అవన్నీ అయిపోయాయని డా సేన్ యి ఆ వారం ఈ ముందు సగం అంటగట్టింది. పళ్ళెం పక్కన పెట్టుకుని, పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

వాదన అప్పటికే నడుస్తోంది. దిగిందని ఒకరు, లేదని ఒకరు. ఊ ఛిట్ ఫే సంచిలో చెయ్యి పెట్టి పుస్తకం అంచు పట్టుకున్నాడు. నోట్లో మాట తయారుగా ఉంది.

"పిన్నీ, నువ్వు చెప్పు, ఆవిడ దిగుద్దా దిగదా?" అన్నాడు కో న్యో.

డా మ్యా తాన్ పుస్తకం మీది గోధుమరంగు కాగితాన్ని బొటనవేలితో నిమురుతూ ఉంది.

"ఆవిడ సంగతి నాకెందుకురా" అంది. "పడవలో ఇంకా ఇరవై ఇద్దరున్నారు. వాళ్ళు దిగారా లేదా, అదెవరూ అనరేం?"

కో న్యో, కథలో అలాంటివాళ్ళు ఎవరూ లేరు పిన్నీ అన్నాడు. లేకపోవడమేమిటి, పడవన్నాక ఉత్తగా వస్తుందా అంది ఆవిడ. ప్రేమకథ కాదని ముందే తెలుసనీ, అయినా పడవ తేలిన పేజీ దగ్గర్నుంచి కూర్చోలేకపోయాననీ, లేచి నిలబడి చదివాననీ చెప్పింది. "మా ఆయన ఎప్పుడూ పడవ చివర కూర్చునేవాడు. చివరి వరసదాకా దిగేసరికి కొంచెం సేపు పడుతుంది కదా. చూస్తూ ఉన్నాను. అట్ట వచ్చేసింది."

డా సేన్ యి అట్టల వైపు చూసి చూపు తిప్పుకుంది.

ఊ ఛిట్ ఫే చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. ఆ ఎనిమిది పేజీలు ఆయనకు కంఠస్థం. అందులో ఓన్ యిన్ దిగుతుంది, ఎనిమిది పేజీలు మాట్లాడుతుంది. ఇంకెవరూ దిగరు. పదిహేడుసార్లు రాశాడు, పదిహేడుసార్లలో ఒక్కసారి కూడా ఆ పడవ వెనక వైపు తల తిప్పి చూడలేదు. అన్నం ఉడికినంతసేపు ఏటిని ఆపినవాడు తన మనిషిని దింపుకుని, తన తప్పు లేదనిపించుకుని, మిగతావాళ్ళని మళ్ళీ నీళ్ళకు వదిలేశాడు. అంకెలు సరిగ్గా రాసే మనిషికి ఇరవై రెండు అంకె గుర్తు రాలేదు. ఆయనకు తన మీద తనకు అసహ్యం వేసింది.

సంచి మూత దించేశాడు.

కో న్యోని ఎవరో బేరానికి పిలిస్తే వెళ్ళిపోయాడు. సయామ ఖైంగ్ వేరే పుస్తకం వెతుక్కుంటూ లోపలికి వెళ్ళింది. డా మ్యా తాన్ పుస్తకం అరుగు మీద పెట్టి, పళ్ళెం తలకెత్తుకోబోతుంటే, ఆయన దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో తెలియలేదు.

"దిగారమ్మా" అన్నాడు. "అందరూ దిగారు. చివర కూర్చున్నాయన కూడా."

ఆవిడ పళ్ళెం కిందికి దించింది. మీకెలా తెలుసని అడగలేదు. కథలో స్తంభం మీద ఐదో అంకెకి రంగు ఊడి చేప పొలుసులా ఉంటుందని రాసి ఉంది, పొద్దున్నే ఆ మెట్ల మీద నిలబడేవాళ్ళకి తప్ప ఎవరికీ అది తెలియదు అంది. తను రోజూ అక్కడే కిళ్ళీలు కట్టుకుంటుంది కదా. ఆ పొద్దున కూడా అక్కడే ఉందట, ఆయన భార్యతో వెళ్ళిరా అన్నప్పుడు. ఆ మాట విని, గుమాస్తా పెళ్ళాన్నే పంపుతున్నాడు, మనకేం భయమని, తన మొగుడు కూడా ఎక్కాడట.

పదకొండేళ్ళుగా ఆయన ఎదురుచూసిన మాట అదే. ఎవరో ఒకరు అంటారని. అనేసరికి అరుగు మీద కూర్చున్నాడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఆయన పేరు?" అన్నాడు. పదకొండేళ్ళు ఆవిడ చేతి కిళ్ళీ నములుతూ ఒక్కసారీ అడగని మాట.

"థా డున్. థా డున్ అని రాయండి, మళ్ళీ రాస్తే" అంది. మిగతావాళ్ళ పేర్లు కూడా తనకి తెలుసు, రేవుకి వస్తే చెప్తానంది. అందరూ తన దగ్గర కిళ్ళీ కొనుక్కునే పడవెక్కారట.

ఆయన తలూపాడు.

డా మ్యా తాన్ పళ్ళెం సర్దుకుని లేచింది. రోజూ ఆయన్ని "అన్నగారూ" అని పిలిచేది. మా వైపు బడిపంతుల్నీ, పుస్తకాలు రాసేవాళ్ళనీ పిలిచే పిలుపు వేరే ఉంది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, అందరూ అందరినీ అడిగే మాటే అడిగింది.

"తిన్నారా, సయా?"

ఆయన నోట్లో ఎప్పటి జవాబు సిద్ధంగానే ఉంది. ఆవిడ మాత్రం నడిచి వెళ్ళిపోకుండా అక్కడే నిలబడి ఉంది.

"లేదమ్మా" అన్నాడు ఊ ఛిట్ ఫే. "ఇంకా తినలేదు."